ఎడమ కాలికి పని ఉందా?

సాహిత్య పత్రికలో కారు గేర్ల సంగతి ఏమిటని కొందరు నొసలు చిట్లించవచ్చు. పత్తి ధరల గురించీ, మా ఊరి వేటకుక్కల గురించీ రాసినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు గనుక ధైర్యం చేస్తున్నాను. అదీగాక ఈ ఆరు నెలలుగా మా ఇంట్లో నడిచిన చర్చ అంతా దీని గురించే. రాజపాళయంలో ఏ ఇంటి చర్చ అయినా నాలుగు గోడల మధ్య ఆగదు కాబట్టి, మా వీధిలో సగం మందికి ఈపాటికే తెలుసు. మిగతా సగానికి ఇలా తెలియజేస్తున్నాను.

విషయం చిన్నది. నాకు అరవై దాటింది. స్పిన్నింగు మిల్లులో మెయింటెనెన్సు పని చేసి రిటైరయ్యాను. ఇన్నేళ్ళూ ఇంటికి ఏది పనికొస్తే ఆ కారే కొన్నాను గానీ నా మనసుకు నచ్చిన కారు ఒక్కటీ కొనలేదు. చివరిగా ఒక్కసారి, కొంచెం పరుగెత్తే కారు, అంటే చిన్న టర్బో ఇంజను, 120 గుర్రాల బలం, గట్టి సస్పెన్షను, మలుపులో ఒరగని బండి కొనాలనుకున్నాను. దాని పేరు చెప్తే ప్రకటన అవుతుంది, వద్దు. అది రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి ఆరు గేర్లూ చేత్తో వేసుకునేది, రెండోది తనంతట తానే వేసుకునే ఆటోమేటిక్. ఈ రెండో దానికి లక్ష రూపాయల పైచిలుకు ఎక్కువ. ఏది కొనాలి?

డబ్బు సంగతి ఒక రోజులో తేలిపోయింది. మిగతాది తేలడానికి ఆరు నెలలు పట్టింది.

నేను బండి నేర్చుకున్నది 1979లో, మిల్లు అంబాసిడర్ మీద. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది. ఆ బండిలో ఫస్ట్ గేరుకు సింక్రోమెష్ లేదు. బండి కదులుతూ ఉండగా ఫస్టుకు దించితే లోపల పళ్ళు కొరికిన శబ్దం వచ్చి వీధంతా తిరిగి చూసేది. నాకు నేర్పినది మిల్లు లారీ డ్రైవరు ఒకాయన. క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, వదిలి, యాక్సిలరేటరు ఒక్క దెబ్బ కొట్టి, మళ్ళీ క్లచ్ తొక్కి గేరు వేసే డబుల్ క్లచ్ విద్య ఆయన పెట్టిన భిక్షే. ఆయన తమిళుడు. అందుచేత గేరు మార్చడం నాకు తమిళంలోనే వచ్చింది. ఇప్పటికీ ఘాటు రోడ్డులో లోలోపల నన్ను నేను హెచ్చరించుకునేది తమిళంలోనే. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం, చెంగోట దాటితే వచ్చీరాని మలయాళం. మన వాళ్ళకు నోట్లో ఎప్పుడూ ఒక గేరు పెట్టె ఉంటుంది. దానికి ఎవరూ లైసెన్సు ఇవ్వరు గానీ అందరం నడుపుతాం. మనవరాలు మాత్రం చెన్నైలో పెరిగి, తెలుగు అంతా అర్థం చేసుకుని జవాబు తమిళంలో చెప్తుంది. ఆ సంగతి ఇంకోసారి.

పరుగెత్తే కారు పిచ్చి పట్టింది కోయంబత్తూరులో టెక్స్‌టైల్ డిప్లమో చదివే రోజుల్లో. అక్కడి మిల్లుల ఇళ్ళ కుర్రవాళ్ళు కొందరు రేసులకు పోయేవారు. వాళ్ళ మాటలు విని మేము నలుగురం రైలెక్కి మద్రాసు పోయి షోళవరంలో రేసు చూశాం. రెండో ప్రపంచ యుద్ధ కాలపు పాత విమానాల బాట అది. దుమ్ము, ఎండ, కాలిన ఆముదపు వాసన. ఒక్కొక్క కారూ మలుపు దగ్గరికి వస్తూ మూడు సార్లు గొంతు మార్చేది. నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు. కళ్ళు మూసుకున్నా ఎవడు ముందే దించాడో, ఎవడు ఆలస్యం చేశాడో తెలిసిపోయేది. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్ గారు 1980ల చివర మారుతి 800 ఇంజను పెట్టి ఫార్ములా మారుతి అనే చిన్న రేసు కారు తయారు చేసి, మధ్యతరగతి కుర్రవాళ్ళకు కూడా ఆ బాట ఎక్కే దారి వేశారు. 1995లో చిన్న విమానం కూలి ఆయన పోయారు. కోయంబత్తూరు పక్కన చెట్టిపాళయంలోని రేసు బాటకు ఆయన పేరే పెట్టారు. అదే కోయంబత్తూరు నుంచి నరేన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడు అయ్యాడు. ఇక్కడే నా వాదానికి మొదటి దెబ్బ తగిలింది. అతను నడిపిన ఆ కారులో గేరు రాడ్డూ లేదు, గేరు మార్చడానికి తొక్కే క్లచ్చూ లేదు. స్టీరింగు వెనకాల రెండు రేకులు, వేలితో నొక్కడమే.

మా మేనల్లుడు ఈ ముక్క పట్టుకుని నన్ను ఆట పట్టించాడు. "ప్రపంచంలో అన్నిటికన్నా వేగంగా పోయే బండికే రాడ్డు లేదు, ముడంగియార్ రోడ్డులో మీకెందుకు మామా?" అని. ఫెరారీ వాళ్ళు ఆ రేకుల గేరుపెట్టెను రేసులోకి తెచ్చింది 1989లో. బ్రెజిల్‌లో మొదటి పందెంలోనే ఆ కారు గెలిచింది. ఇప్పుడు వాళ్ళ కార్లలో రాడ్డు వేసేదే లేదు. నేనూ ఊరుకోలేదు. పోర్షే వాళ్ళు 2013లో తమ 911 జీటీ3ను ఆటోమేటిక్ గేరుపెట్టెతో మాత్రమే అమ్మారు. వేగం పెరిగింది గానీ అభిమానులు గొడవ చేశారు. 2016లో రాడ్డు ఉన్న 911 ఆర్ అనే కారును 991 మాత్రమే చేసి అమ్మితే దానికోసం ఎగబడ్డారు. మరుసటి ఏడాది జీటీ3కి రాడ్డు తిరిగి వచ్చింది. అంత డబ్బు పోసి కొనేవాడు, నెమ్మదైనది కావాలని అడిగి మరీ తీసుకున్నాడంటే అందులో ఏదో ఉండాలి గదా. ఇంకో మాట కూడా చెప్పాను. ఫార్ములా వన్‌లో క్లచ్ తీసేశారు గానీ, ఏ గేరు ఎప్పుడు వేయాలో కారే తేల్చుకునే గేరుపెట్టెను 2004 నుంచి నిషేధించారు. నిర్ణయం డ్రైవరుదే కావాలన్నారు. ఈ తేడా మనసులో పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ యంత్రాలు ఎలా పని చేస్తాయో రెండు మాటల్లో చెప్తాను. ఆటోమేటిక్ అంటే ఒకటే రకం అనుకునేవారు చాలామంది ఉన్నారు. పాత పద్ధతిది నూనెతో నడుస్తుంది. రెండు పంకాలు ఎదురెదురుగా పెట్టి ఒకదాన్ని తిప్పితే ఆ గాలికి రెండోది తిరుగుతుంది చూడండి, గాలికి బదులు నూనె అనుకోండి. ఇంజనుకూ చక్రాలకూ మధ్య గట్టి పట్టు ఉండదు, నూనె జారుతుంది. అందువల్ల మెత్తగా కదులుతుంది, కొంత బలం నూనెలో కరిగిపోతుంది. ఇప్పటి వాటిలో వేగం అందుకోగానే లోపల ఒక క్లచ్ బిగుసుకుని ఆ జారుడు ఆపేస్తుంది. అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ కార్లకు 1940 మోడలు నుంచి ఇలాంటిది పెట్టి అమ్మారు కాబట్టి ఇది కొత్త విద్యేమీ కాదు. రెండోది మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో వచ్చిన ఏఎంటీ. లోపల మామూలు గేరుపెట్టే ఉంటుంది, క్లచ్ తొక్కే పనీ గేరు వేసే పనీ ఒక మోటారు చేస్తుంది. చౌక, కానీ గేరు గేరుకూ నడుమ తల ఊగుతుంది. పరుగెత్తే కారుకు అది కుదరదు. మూడోది రెండు క్లచ్‌లది. నేను చూసిన బండిలో ఉన్నది అదే.

మిల్లు మనుషులకు దీన్ని చెప్పడం సులువు. 1936లో పి.ఎ.సి. రామస్వామిరాజా గారు రాజపాళయం మిల్స్ పెట్టిన నాటి నుంచీ మా ఊరిలో నూలుకు సంబంధం లేని ఇల్లు అరుదు. రింగు ఫ్రేములో బాబిన్లు నిండగానే ఆపి, నిండినవి తీసి ఖాళీవి పెట్టేది పూర్వం చేతులే. ఆటో డాఫర్ వచ్చాక ఏం చేస్తుంది? ఫ్రేము తిరుగుతూ ఉండగానే ఖాళీవన్నీ కింద వరుసగా సిద్ధం చేసి ఉంచుకుంటుంది. నిండగానే ఒక్క ఊపున అవి పైకి, ఇవి కిందికి. రెండు క్లచ్‌ల గేరుపెట్టె కూడా అంతే. ఒకటి, మూడు, అయిదు ఒక క్లచ్ మీద, రెండు, నాలుగు, ఆరు ఇంకో క్లచ్ మీద. మీరు మూడులో పోతుండగానే నాలుగు లోపల తగిలించి ఉంటుంది. ఒక క్లచ్ వదులుతుంది, ఇంకోటి పట్టుకుంటుంది. కంటి రెప్పపాటు. నా చేతికి, నా కాలికి అది ఏ జన్మకూ సాధ్యం కాదు.

వైండింగు డిపార్టుమెంటులో నూలు తెగితే ముడి వేసే ఆడవాళ్ళు ఉండేవారు. ముడి ఎప్పుడు వేశారో కంటికి కనబడేది కాదు. ఆటోకోనరు మిషను వచ్చి, ముడే లేకుండా గాలి ఊది రెండు కొసలూ కలపడం మొదలుపెట్టింది. నూలు బాగుపడింది, మగ్గం మీద తెగడం తగ్గింది. ఆ మిషన్లు బిగించిన జట్టులో నేనూ ఉన్నాను. కాబట్టి చేతి పనే గొప్పదని కంటతడి పెట్టుకునే రకం మనిషిని కాను నేను. యంత్రం మెరుగ్గా చేసే పనిని యంత్రానికి ఇవ్వడమే నా ఉద్యోగం. కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా చెయ్యి నాకే అడ్డం పడింది.

ఇక మోకాలు. ఎడమ మోకాలి చిప్ప కింద అరుగుదల మొదలైందని మదురై డాక్టరు ఫోటో చూపించి చెప్పారు. మెట్లు తగ్గించమన్నారు, కింద కూర్చోవద్దన్నారు. క్లచ్ సంగతి అడిగితే, "ఎంత బరువుగా తొక్కుతారన్నది కాదు, ఎన్నిసార్లు తొక్కుతారన్నదే లెక్క" అన్నారు. ఒకరోజు లెక్కపెట్టాను. సాయంకాలం ఆరు గంటల వేళ తెన్‌కాశి రోడ్డులోని మా ఇంటి నుంచి పాత బస్ స్టాండు దాటి మదురై రోడ్డు చివరకు చేరేసరికి నలభై మూడు సార్లు. నాలుగు కిలోమీటర్లు లేదు ఆ దూరం.

రెండు ఆదివారాలు ఘాటు రోడ్డుకు పోయాను. మొదటివారం తెలిసినవారి రాడ్డు బండిలో, తర్వాతి వారం మేనల్లుడి స్నేహితుడి ఆటోమేటిక్‌లో. బండ్లు ఒకటే రకం, ఇంజను ఒకటే, దారి ఒకటే. శివగిరి, వాసుదేవనల్లూరు, పుళియంగుడి, కడయనల్లూరు దాటి తెన్‌కాశి, చెంగోట. అక్కడి నుంచి పుళియరై దగ్గర కొండ ఎక్కడం మొదలవుతుంది. ఎస్ అక్షరం లాంటి మలుపు, ఎదురుగా కేరళ నుంచి దిగే లారీలు. ఆర్యంకావు దాటాక పక్కనే పదమూడు కమానుల రైలు వంతెన. తెన్మల దగ్గర టీ తాగి వెనక్కి.

రాడ్డు బండిలో మొదటి మలుపుకే నలభై ఏళ్ళు వెనక్కి పోయాను. మలుపు కంటికి కనబడగానే మూడు నుంచి రెండు, ఇంజను గొంతు లేస్తుంది, బండి ముక్కు కాస్త వంగి మలుపులోకి దానంతటదే దూరుతుంది. బయట పడేటప్పుడు బలం అప్పటికే పాదం కింద సిద్ధంగా ఉంటుంది. ఆ సుఖం ఎలాంటిదో నడిపినవాడికే తెలుసు, చెప్తే వినేవాడికి సోది. పైకి రెండు గంటలు, కిందికి రెండు గంటలు. ఇంటికి వచ్చి కారు దిగి, గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆ రాత్రి వేడినీళ్ళ కాపడం.

ఆటోమేటిక్‌లో మోకాలు ఊసే లేదు. డి లో పెట్టి ఎక్కుతుంటే అది పెట్రోలు మిగల్చాలని ఎప్పుడూ ఒక గేరు పైనే ఉంటుంది. మలుపు దాటి యాక్సిలరేటరు తొక్కితే క్షణం ఆలోచించి, రెండు గేర్లు ఒక్కసారిగా దించి, ఉలిక్కిపడ్డట్టు లేస్తుంది. మీద ఉన్న స్పోర్ట్ మీట నొక్కితే చాలావరకు సరిపోయింది. రేకులతో నేనే గేరు వేస్తే ఇంకా మెరుగు, నా చేతికన్నా పదింతలు వేగం. కానీ ఒక సంగతి గమనించాను. అది నా పాదం ఏం చేసిందో చూసి గేరు తేలుస్తుంది. రాబోయే మలుపు దానికి తెలియదు. ఆ మలుపు వెనకాల లారీ ఆగి ఉందేమోనన్న అనుమానం దానికి లేదు. నేను కంటితో చూసి ముందే దించుతాను, అది జరిగాక దించుతుంది. ముడి వేసే పనికీ దీనికీ తేడా అక్కడే ఉంది. తెగిన నూలు ఇప్పటికే తెగింది, ముందు చూపు అక్కర్లేదు. ఘాటు రోడ్డు అలా కాదు. ఆ నిర్ణయాన్ని డ్రైవరు దగ్గరే ఉంచాలని రేసుల వాళ్ళు పట్టుబట్టింది ఊరికే కాదనిపించింది.

దిగేటప్పుడు మరీ జాగ్రత్త. ఆటోమేటిక్ కొన్నవాళ్ళు డి లోనే వదిలి, తెన్మల నుంచీ కాదు, పుళియరై వరకూ బ్రేకు మీదే కాలు పెట్టి దిగుతారు. బ్రేకులు కాలి వాసన వస్తుంది. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అన్నది లారీల వాళ్ళ పాత సూత్రం. ఆటోమేటిక్‌లో కూడా రెండో గేరు మీద పట్టి ఉంచే ఏర్పాటు ఉంటుంది, వాడుకోవాలి. రెండు క్లచ్‌ల బండి కొనేవారికి ఇంకో మాట. ఎత్తు మీద ట్రాఫిక్ ఆగినప్పుడు యాక్సిలరేటరు కొంచెం తొక్కి బండిని నిలబెట్టకండి. లోపల క్లచ్ జారుతూ వేడెక్కుతుంది, బాగు చేయించాలంటే ఖర్చు మామూలు క్లచ్ ప్లేటు లెక్కలో ఉండదు. బ్రేకు తొక్కి ఆగండి, అంతే.

ఇంతవరకూ చదివినవారు నేను రాడ్డు బండే కొన్నానని అనుకుంటారు. మా ఆమె సంగతి ఇంకా చెప్పలేదు.

మేనమామ కూతురు గనుక పెళ్ళయి ముప్పై అయిదేళ్ళయినా నన్ను బావా అనే పిలుస్తుంది. 1998లో మారుతి 800 కొన్నప్పుడు డ్రైవింగు స్కూలులో చేరింది. ఇరవై రోజులు బాగానే సాగింది. ఒకరోజు రైల్వే గేటు తెరిచాక ఎత్తు మీద క్లచ్ వదలడం కుదరక బండి నాలుగుసార్లు ఆగిపోయింది. వెనక లారీ హారన్లు, పక్కన సైకిళ్ళ వాళ్ళ నవ్వులు. మర్నాటి నుంచి వెళ్ళలేదు. ఎవరూ బలవంతం చేయలేదు.

నాలుగేళ్ళ కింద ఒక రాత్రి నేను పని మీద తిరుప్పూరులో ఉన్నాను. ఇంట్లో మా అత్తకు ఊపిరి అందలేదు. మేనల్లుడు చెన్నైలో. అంబులెన్సు వేరే ఊరికి పోయి ఉంది. మా ఆమె చీకట్లో వీధిలోకి పోయి, ఆటో కోసం తలుపులు తట్టి, అత్తను ఆసుపత్రికి చేర్చేసరికి ముప్పావు గంట. దేవుడి దయ, అత్త బతికింది, ఇప్పటికీ మమ్మల్ని తిడుతూ బాగానే ఉంది. కారు ఆ రాత్రంతా వాకిట్లోనే ఉంది, తాళం గోడకు మేకు మీద.

ఆ సంగతి మా ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. ఈ చర్చంతా నడుస్తున్న ఆరు నెలలూ గుర్రాలనీ, మలుపులనీ నేనూ మేనల్లుడూ వాదించుకుంటుంటే మజ్జిగ తెచ్చిపెట్టి పోయేది. రెండో ఆదివారం ఆటోమేటిక్‌లో తిరిగి వచ్చిన సాయంకాలం మాత్రం వాకిట్లోకి వచ్చి, డ్రైవరు వైపు తలుపు తెరిచి, కిందికి వంగి చూసింది.

"బావా, ఈడ రెండే ఉండాయి."

"రెండే. ఒకటి పోయేదానికి, ఒకటి నిలిచేదానికి."

"ఎడమ కాలికి పని లేదా?"

"లేదు."

ఇంకేమీ అడగలేదు. నేనే అన్నాను, నేర్చుకుంటావా అని. "ఆ దినం రాత్రి ఈడే నిలిచి ఉండె గదా బండి," అంది. అంతే అంది.

మర్నాడు ఆటోమేటిక్‌కే అడ్వాన్సు కట్టాను. రేకులు ఉన్న మోడలే కావాలని పట్టుబట్టాను. ఆ మాత్రం స్వార్థం నాకూ ఉంది. ఘాటు రోడ్డుకు పోయినప్పుడు గేరు నేనే వేసుకుంటాను. అది ఒప్పుకున్నంతవరకే అనుకోండి. ఇంజను మరీ అరిస్తే నన్ను అడగకుండా పైకి వేసేస్తుంది. రాడ్డు బండి అలా చేయదు. దిగి గుమ్మం పట్టుకుని నిలబడ్డా సరే అదే కావాలని మనసు ఒక్కోసారి ఇప్పటికీ లాగుతుంది. మేనల్లుడు మాత్రం తన వాదం గెలిచిందనుకుని వీధంతా చెప్పుకున్నాడు. చెప్పుకోనీ.

మన దేశంలో కారు లైసెన్సుకు రాడ్డు బండి, ఆటోమేటిక్ అనే తేడా లేదు. ఇంగ్లండులో ఆటోమేటిక్‌లో పరీక్ష పాసైతే ఆటోమేటిక్ మాత్రమే నడపాలట, ఇక్కడ ఆ గొడవ లేదు. పోయిన నెల మా ఆమెకు ఎల్.ఎల్.ఆర్. వచ్చింది. పొద్దున అయిదున్నరకు ముడంగియార్ రోడ్డుకు పోతాం. ఆ వేళకు పాల సైకిళ్ళు తప్ప ఎవరూ ఉండరు. అటూ ఇటూ మామిడి తోపులు, కొబ్బరి తోటలు, ఎదురుగా కొండ. ముందూ వెనకా ఎర్ర ఎల్ బోర్డు. నేను ఎడమ పక్కన కూర్చుంటాను. మొదటి రోజు ఆరో మైలు దాకా పోయి తిరిగి వచ్చాం. వేగం ముప్పై దాటలేదు. ఆ 120 గుర్రాల్లో ఎన్ని నిద్ర లేచాయో నేను చెప్పలేను. ఒక చోట ఎద్దుబండి అడ్డం వచ్చింది. ఆగింది, బండి వాణ్ణి పోనిచ్చింది, మళ్ళీ కదిలింది. ఇంజను ఆగలేదు.